ఆయిలే అసలు పార్టు: జేసీబీ గేర్‌బాక్సు ఎందుకు కాలిపోతుంది?

ఏప్రిల్, మే నెలల్లో ఎండిన చెరువులో పూడిక తీసే చోట ఈ దృశ్యం తరచూ కనిపిస్తుంది. పొద్దున ఎనిమిదింటికి చక్కగా నడిచిన జేసీబీ మధ్యాహ్నం దాటేసరికి మొరాయిస్తుంది. లివరు ముందుకు కొడితే రెండు మూడు సెకన్లు తటపటాయించి కదులుతుంది. ఇంజిన్ అరుస్తుంది, చక్రం మాత్రం బద్ధకంగా తిరుగుతుంది. రివర్సు బాగానే పడుతుంది. చెట్టు నీడన గంటసేపు ఆపి మళ్లీ స్టార్టు చేస్తే ఏమీ జరగనట్టే పనిలోకి దిగుతుంది. ‘ఎండకు అలా చేస్తోందిలే’ అని ఆ రోజు గడిపేస్తారు. కొన్నాళ్లకు ముందుకు వెళ్లే గేరు పూర్తిగా పోతుంది. అప్పుడు మెకానిక్ వచ్చి చెప్పేది ఒకటే మాట: గేర్‌బాక్సు దింపాలి.

ఆ మాటతో యజమాని గుండె జారిపోతుంది. బండి ఆగినా కిస్తీ ఆగదు, ఆపరేటరు జీతం ఆగదు, ఒప్పుకున్న పని ఇంకొకరి బండికి వెళ్లిపోతుంది. కానీ ఆ గేర్‌బాక్సు ఆ రోజు పాడైంది కాదు. వారాల కిందట, ఒక్కోసారి నెలల కిందట మొదలైన చెరుపు ఆ రోజు బయటపడిందంతే. ఇలాంటి ట్రాన్స్‌మిషన్లలో గేర్ల పళ్లు విరిగి ఆగిపోయేవాటికంటే ఆయిల్ చెడి, వేడెక్కి, క్లచ్ ప్లేట్లు కాలి ఆగిపోయేవే ఎక్కువ. లోపల కాలిపోయిన ప్లేట్లకు బిల్లు కట్టే యజమానే అంతకుముందు ఆయిల్ డబ్బా దగ్గర కొన్ని వేలు మిగిల్చుకుని ఉంటాడు. ఆ మిగులు ఎంత ఖరీదైనదో తెలియాలంటే లోపల ఆయిల్ ఏం పని చేస్తోందో ముందు చూడాలి.

పేరు గేర్‌బాక్సే, లోపలి సంగతి వేరు

మన ఊళ్లలో ముందు బకెట్టు, వెనక తవ్వే చెయ్యి ఉన్న బండి ఏ కంపెనీదైనా జేసీబీయే. ట్రాకుల మీద నడుస్తూ తవ్వే యంత్రం ఎవరిదైనా పొక్లెయినే. మొదటిది బ్రిటిష్ కంపెనీ పేరు. అది 1953లో ఇలా ముందు బకెట్టు, వెనక తవ్వే చెయ్యి ఉన్న తన తొలి బండిని, అంటే బ్యాక్‌హో లోడరును తెచ్చింది, 1979లో మన దేశంలో తయారీ మొదలుపెట్టింది. రెండోది ఫ్రాన్స్ కంపెనీ పేరు. మాటల్లో రెంటినీ పక్కపక్కన పెడతాం కానీ కదిలే తీరులో వాటికి పోలికే లేదు. పొక్లెయిన్‌లో మనం అనుకునే గేర్‌బాక్సు ఉండదు. ఇంజిన్ హైడ్రాలిక్ పంపును తిప్పుతుంది. ఆ ఆయిల్ ఒత్తిడికి రెండు ట్రాకుల దగ్గరా ట్రావెల్ మోటార్లు తిరుగుతాయి. ఆ మోటారు వేగాన్ని తగ్గించి బలం పెంచే చిన్న గేర్ల పెట్టెనే ఫైనల్ డ్రైవ్ అంటారు.

జేసీబీ తరహా బండిలో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టరు ఉంటుంది. దాని వెనక ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి, రెండు హైడ్రాలిక్ క్లచ్ ప్యాకులు, అంటే ఆయిల్ ఒత్తిడితో పట్టుకునే ప్లేట్ల కట్టలు. వాటి వెనక చేత్తో వేసే నాలుగు గేర్లు. స్టీరింగ్ పక్కనున్న చిన్న లివరు ముందుకు నెట్టగానే కరెంటుతో పనిచేసే ఒక సోలినాయిడ్ వాల్వు తెరుచుకుంటుంది, ఆయిల్ వెళ్లి పిస్టన్‌ను నొక్కుతుంది, ఆ పిస్టన్ ప్లేట్లను ఒకదానికొకటి అదుముతుంది. కాలితో తొక్కే క్లచ్ లేదు. ఆ అదుము కోసం పదీ ఇరవై బార్ల మధ్య ఒత్తిడి చాలు. కానీ అది తగ్గితే ప్లేట్లు పట్టుకోకుండా జారుతూ ఉంటాయి. అలా జారే ప్లేటు బ్రేకు తొక్కిపెట్టి నడిపే బండిలాంటిది, నిమిషాల్లో కాలిపోతుంది.

టార్క్ కన్వర్టరు పనిచేసే తీరు మజ్జిగ చిలికిన ఇంట్లో అందరూ చూసిందే. కవ్వం తిప్పుతుంటే కుండలో మజ్జిగ కూడా గిర్రున తిరుగుతుంది. అలా తిరిగే మజ్జిగలో గరిటె ముంచితే గరిటెనూ తోస్తుంది. ఇంజిన్ తిప్పే ఇంపెల్లరు కవ్వం, గేర్లవైపు ఉండే టర్బైను గరిటె. మధ్యలో స్టేటరు అనే మూడో చక్రం ఆయిల్ దారిని మళ్లించి తోపును రెండింతల పైకి పెంచుతుంది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నది ఓడల కోసం. మట్టిగుట్టలోకి బకెట్టు దూర్చే బండికి అది ఇంతగా సరిపోవడానికి కారణం ఒకటే. చక్రం పూర్తిగా ఆగిపోయినా ఇంజిన్ ఆగదు, తోపు తగ్గదు.

ఆ సౌకర్యానికి మూల్యం వేడి. చక్రం కదలకుండా ఇంజిన్ మాత్రం ఫుల్ రేజులో తిరుగుతున్నంతసేపూ ఆ బలమంతా ఆయిల్‌ను చిలకడానికే పోతుంది, అంటే ఆయిల్‌ను కాచడానికే.

ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. బకెట్టు గుట్టలో ఇరుక్కుంది, ఆపరేటరు యాక్సిలరేటరు తొక్కిపెట్టాడు, కన్వర్టరు 40 కిలోవాట్లు మింగుతోంది అనుకుందాం. అర నిమిషంలో 1,200 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. గేర్‌బాక్సులో 15 లీటర్ల ఆయిల్ ఉంటే బరువు 13 కిలోల దాకా ఉంటుంది. కిలో ఆయిల్‌ను ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు రెండు కిలోజౌళ్లు చాలు. వేడంతా ఆయిల్‌లోనే నిలిచిపోతే అర నిమిషంలో 45 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. నిజానికి కొంత ఆయిల్‌ను చల్లబరిచే కూలరు లాగేస్తుంది, కొంత ఇనుము పీల్చుకుంటుంది, కాబట్టి అంత పెరగదు. కానీ రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం బయటి గాలే 45 డిగ్రీలుంటే, రేడియేటరు జాలీకి వేలెడు మందాన దుమ్ము పట్టి ఉంటే, కూలరు లాగేది ఎంత?

వేడి చేసే చెరుపు

ఇలా ఆయిల్ ఒత్తిడితో క్లచ్ పట్టే గేర్‌బాక్సును పవర్‌షిఫ్ట్ తరహా ట్రాన్స్‌మిషన్ అంటారు. సాధారణంగా దాని ఆయిల్ 80 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటే ఇబ్బంది లేదు. 120 దాటితే బండి ఆపాల్సిందే. ఆయిల్ రసాయనంలో ఒక మోటు సూత్రం ఉంది: ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ ఆయుష్షు సగానికి తగ్గుతుంది. 90 డిగ్రీల దగ్గర వెయ్యి గంటలు నిలవాల్సిన ఆయిల్, తరచూ 110 దగ్గర పనిచేస్తే 250 గంటలకే అయిపోయిందన్న మాట. రంగు నల్లబడుతుంది, మాడు వాసన వస్తుంది, వాల్వుల మీద జిగురు పూత పేరుకుంటుంది. రబ్బరు సీళ్లు గట్టిపడి, పగిలి, లోపలి ఒత్తిడిని కారుస్తాయి.

మొదట్లో చెప్పిన బండి చల్లారాక మళ్లీ ఎందుకు నడిచిందో ఇక్కడే తెలుస్తుంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, గట్టిపడ్డ సీలు సందులోంచి త్వరగా కారదు, పిస్టన్ దగ్గర ఒత్తిడి నిలుస్తుంది. వేడెక్కి పలచబడగానే ఆ సందులోంచి జారిపోతుంది. ముందుకు వెళ్లే క్లచ్ సీలే అరిగింది, అందుకే రివర్సు బాగుంది. ‘ఎండకు అలా చేస్తోంది’ అన్న మాట సగం నిజం. ఎండ దోషాన్ని పుట్టించలేదు, బయటపెట్టింది. ఆ గంటసేపు నీడలో ఆపినప్పుడే మెకానిక్‌ను పిలిచి ఒత్తిడి చూపిస్తే ఒక సీలు, కొన్ని ఓరింగులతో పోయేది. ఆ తర్వాత నడిపిన గంటలన్నీ ప్లేట్లను కాల్చడానికే సరిపోయాయి.

కూలరు సంగతి చాలామంది పట్టించుకోరు. ఇంజిన్ రేడియేటరు ఊడితే నీళ్లు కారతాయి, కనిపిస్తుంది. ట్రాన్స్‌మిషన్ కూలరు మూసుకుపోతే ఏదీ కారదు. మొరం దుమ్ముకు ఆయిల్ తడి తోడైతే రెక్కల మధ్య గట్టి పొరలా అతుక్కుంటుంది. దాన్ని గాలితో ఊదేటప్పుడు ఇంజిన్ వైపునుంచి బయటికి ఊదాలి. ఎదురుగా నిలబడి ఊదితే దుమ్ము ఇంకా లోపలికి దిగబడుతుంది. ఎక్కువ ఒత్తిడితో నీళ్లు కొడితే రెక్కలు వంగిపోయి గాలి దారే మూసుకుపోతుంది. పూడికతీత, క్రషరు పనుల్లో ఉన్న బండికి ఇది వారానికోసారి చేసే పని కాదు, రోజూ పొద్దున చేయాల్సిన పని.

ఆపరేటరు చెయ్యి

లోడింగు పనిలో ఉన్న బండి ఒక్కో బకెట్టుకు గుట్టవైపు వెళ్తుంది, వెనక్కి వస్తుంది, టిప్పరు వైపు వెళ్తుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. అంటే నాలుగుసార్లు దిశ మారుతుంది. చెయ్యి తిరిగిన ఆపరేటరు ఒక బకెట్టును అర నిమిషంలో పోస్తాడనుకుంటే గంటకు 480 సార్లు, ఎనిమిది గంటల పనికి 3,840 సార్లు ఆ రెండు క్లచ్ ప్యాకులూ పట్టీ వదిలీ చేస్తాయి. లారీ గేర్‌బాక్సుకు రోజులో ఇంత పని పడదు.

ఆ ఒక్కో మార్పు ఎంత వేగంలో జరుగుతుందన్నదే ప్లేట్ల ఆయుష్షు. ఏడున్నర టన్నుల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దానిలో ఉన్న చలన శక్తి 29 కిలోజౌళ్లు. 3 కిలోమీటర్ల వేగంలో అది 2.6 కిలోజౌళ్లే. వేగం మూడింతలకు కాస్త పైన, శక్తి పదకొండింతలు. బ్రేకు వేయకుండా 10 కిలోమీటర్ల వేగంలోనే లివరు వెనక్కి లాగేస్తే ఆ 29 కిలోజౌళ్లనూ ఆపాల్సిన భారం క్లచ్ ప్లేట్ల మీద పడుతుంది. బ్రేకుతో వేగం చంపి, రేజు తగ్గించి, అప్పుడు లివరు మార్చే ఆపరేటరు ఒక్కో బకెట్టుకు ఒకటి రెండు సెకన్లు ఎక్కువ తీసుకుంటాడు. ట్రిప్పుల లెక్కన డబ్బులిచ్చే చోట ఆ రెండు సెకన్లను ఎవరూ ఓర్చుకోరు. ఆపరేటరును తిట్టేముందు, అతనికి బత్తా ఏ లెక్కన ఇస్తున్నారో కూడా యజమాని చూసుకోవాలి.

లోడరు లివరు మీదా, గేరు రాడ్డు మీదా ఉండే చిన్న బటన్‌ను చాలామంది ముట్టుకోరు. అది నొక్కితే క్లచ్ ప్యాకులో ఒత్తిడి పోతుంది, ఇంజిన్‌కూ చక్రాలకూ సంబంధం తెగుతుంది. గేరు మార్చేటప్పుడు అది నొక్కకపోతే గేర్ల వేగాలను కలిపే సింక్రో రింగులు అరుగుతాయి. కొన్నాళ్లకు గేరు ‘కర్ర్’మని పడటం, నడుస్తూ నడుస్తూ ఊడిపోవడం మొదలవుతుంది. బకెట్టు ఎత్తేటప్పుడు నొక్కితే ఇంజిన్ బలమంతా హైడ్రాలిక్కుకు వెళ్తుంది, కన్వర్టరులో ఆయిల్ వృథాగా చిలకబడదు. టిప్పరు కోసం ఎదురుచూస్తూ గేరులోనే ఉంచి బ్రేకు తొక్కి నిలబెట్టే అలవాటూ అలాంటిదే. న్యూట్రల్ చేయడానికి ఒక వేలు చాలు.

ఇంకొకటి, బండి ఆగిపోయినప్పుడు జరిగే తప్పు. ఇంజిన్ స్టార్టు కాని జేసీబీకి వైరురోపు కట్టి టిప్పరుతో షెడ్డు దాకా లాక్కెళ్తారు. ట్రాన్స్‌మిషన్‌లో ఆయిల్‌ను తిప్పే పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగితే ఆయిల్ కదలదు, చక్రాలు మాత్రం లోపలి షాఫ్టులను, బేరింగులను పొడిగా తిప్పుతూ ఉంటాయి. పది కిలోమీటర్లు అలా లాగితే స్టార్టరు మోటారు పాడైన బండి గేర్‌బాక్సు పాడైన బండిగా షెడ్డుకు చేరవచ్చు. గేర్‌బాక్సునూ ఇరుసునూ కలిపే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి లాగాలి, లేదా లోబెడ్డు ట్రైలరు మీద ఎక్కించాలి. తోసి స్టార్టు చేయడం ఈ బండిలో కుదరదన్నదీ ఆ కారణంగానే.

ఏ ఆయిల్ అయినా ఆయిలే అనుకుంటే

ఊళ్లో స్పేర్ పార్ట్స్ షాపులో ‘40 ఆయిలు’, ‘90 ఆయిలు’ అని అడుగుతారు. మొదటిది ఇంజిన్‌కు, రెండోది లారీ గేర్‌బాక్సుకూ హౌసింగుకూ, అంటే వెనక ఇరుసులోని గేర్ల పెట్టెకూ. ఆ రెండు మాటలతో ఒక తరం మెకానిక్కులు లారీలను బ్రహ్మాండంగా నడిపించారు. పవర్‌షిఫ్ట్ ట్రాన్స్‌మిషన్‌కు ఆ లెక్క సరిపోదు. లారీ గేర్‌బాక్సులో ఆయిల్ పళ్లు అరక్కుండా కాపాడితే చాలు. ఇక్కడ అదే ఆయిల్ కన్వర్టరులో బలాన్ని మోయాలి, క్లచ్ పిస్టన్‌ను నొక్కాలి, ప్లేట్ల వేడిని కూలరుకు మోసుకెళ్లాలి, పళ్లను కాపాడాలి, పైగా ప్లేటును ప్లేటు మీద జారనివ్వకూడదు. జారనివ్వకూడదన్న చోటే 90 ఆయిలు పనికిరాకుండా పోతుంది. 90 ఆయిలుగా అమ్మే జీఎల్-5 రకం గేరు ఆయిళ్లలో గంధకం, భాస్వరం కలిపిన మందులు ఉంటాయి. హౌసింగులో క్రౌను, పినియను పళ్లకు అవి రక్షణ. వేడి మీద అవే ఇత్తడి, కంచు భాగాలను తినేస్తాయి. సింక్రో రింగులు, కొన్ని క్లచ్ ప్లేట్ల పూత ఆ లోహాలవే.

ఇంజిన్ ఆయిల్‌ది ఇంకో తిరకాసు. కొన్ని ట్రాన్స్‌మిషన్ల మాన్యువల్‌లో ఇంజిన్ ఆయిల్ పోయవచ్చని ఉంటుంది, ఆ బండికి అది సరైనదే. కానీ డీజిలు ఆదా చేయడానికి కొత్త ఇంజిన్ ఆయిళ్లలో జారుడు పెంచే మందులు కలుపుతున్నారు. ఇంజిన్‌కు మేలు చేసే ఆ జారుడు క్లచ్ ప్లేట్లకు చేటు. ఇంజిన్ ఆయిళ్ల తయారీ ఇంజిన్ల అవసరాల దారిన పోతుంటే ట్రాన్స్‌మిషన్లకు వేరే ప్రమాణం కావాల్సివచ్చింది. అమెరికా యంత్రాల కంపెనీ క్యాటర్‌పిల్లర్ 1991లో తెచ్చిన టీవో-4 అలాంటి ప్రమాణమే. ప్లేట్లు ఎంత గట్టిగా పట్టుకుంటాయన్నది అందులో పరీక్షిస్తారు. బండి ఏ కంపెనీదైనా, డబ్బా మీద చూడాల్సింది బ్రాండు పేరు కాదు, మాన్యువల్ అడిగిన ప్రమాణం ఆ డబ్బా మీద ముద్రించి ఉందా లేదా అన్నది.

వెనక ఇరుసులో కూడా ఇదే జాగ్రత్త. చాలా బ్యాక్‌హోల్లో బ్రేకు ప్లేట్లు ఇరుసు ఆయిల్‌లో మునిగి ఉంటాయి. అక్కడ మామూలు 90 ఆయిలు పోస్తే బ్రేకు వేసినప్పుడల్లా బండి కీచుమంటూ వణుకుతుంది. శబ్దం కోసం బ్రేకులు విప్పి చూసేవాళ్లు ఎందరో. దోషం ఉన్నది ఆయిల్‌లో.

మంచి ఆయిల్ కొన్నంత మాత్రాన అది మంచిగానే లోపలికి చేరుతుందన్న హామీ లేదు. షెడ్డు బయట నిలువుగా పెట్టిన డ్రమ్ము పైమూతలో వాన నీళ్లు నిలుస్తాయి. పగలు వేడికి డ్రమ్ములో గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి లోపలికి లాగుతుంది. ఆ లాగుడులో మూత బిగించి ఉన్నా నీళ్లు కొద్దికొద్దిగా దిగుతాయి. డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెల దగ్గర ఉండేలా పెడితే ఈ పీల్చుడు ఉండదు. ఇక పోసేటప్పుడు సగానికి కోసిన నీళ్ల బాటిల్ గరాటు అవుతుంది. దాన్ని టూల్ బాక్సులోంచి తీసి, పాత గుడ్డతో ఒకసారి తుడిచి, మూతి దగ్గర పెడతారు. ఆ గుడ్డ పోగులూ, ప్లాస్టిక్కు అంటిన ఇసుకా ఆయిల్‌తో కలిసి నేరుగా లోపలికే వెళ్తాయి. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. వాల్వులో అటూ ఇటూ జరిగే కడ్డీకీ (స్పూలుకూ) దాని గూటికీ మధ్య సందు అందులో చాలా చిన్న వంతు. కంటికి ఆనని రేణువు కూడా అక్కడ ఇరుక్కుంటే లివరు కొట్టినా గేరు పడదు.

ఫిల్టరు మార్చాల్సిన గడువును చాలా మాన్యువల్స్ 500 గంటలని, ఆయిల్‌కు 1,000 గంటలని చెబుతాయి. అవి మామూలు పరిస్థితుల్లో. క్రషరు దుమ్ములో, పూడిక మట్టిలో ఆ గడువును తగ్గించుకోవాలి. ఫిల్టరు మూసుకుపోతే ఆయిల్ ఆగదు. పక్కనున్న బైపాస్ వాల్వు తెరుచుకుని వడపోయని ఆయిల్‌నే లోపలికి పంపుతుంది. అందుకే గడువు దాటిన ఫిల్టరుతో బండి నడుస్తూనే ఉంటుంది, నడుస్తోంది కదా అని మార్చరు.

డ్రెయిన్ ప్లగ్గు చెప్పేది

ఆయిల్ మార్చేటప్పుడు కింద తొట్టి పెట్టి, ప్లగ్గు విప్పి, టీ తాగి రావడం సర్వీసు కాదు. ఆ ప్లగ్గు కొసనున్న అయస్కాంతం ఆ బండి చరిత్ర. దాన్ని వేళ్ల మధ్య రుద్దితే కాటుకలా మెత్తని నల్లటి ముద్ద అంటితే భయం లేదు, అది మామూలు అరుగుదల. గరగరలాడితే బేరింగో, పన్నో రాలుతోంది. అయస్కాంతానికి అంటని పసుపు, ఎరుపు మెరుపు ఆయిల్‌లో తేలుతుంటే కంచు పూత ప్లేట్లో, థ్రస్టు వాషర్లో అరుగుతున్నాయి. వెండిలా మెరిసే తేలికపాటి పొడి అయితే అల్యూమినియం, కన్వర్టరు వైపు చూడాలి. విప్పిన ఫిల్టరును పారేయకుండా డబ్బా కోసి కాగితపు మడతలు విప్పి చూసే మెకానిక్ దొరికితే వదులుకోకూడదు.

ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు. అనుమానంగా ఉంటే వేడి ఇనుప రేకు మీద ఒక చుక్క, కాస్త దూరంగా నిలబడి, వేసి చూడాలి. నీరుంటే చిటపటలాడుతుంది. ఆ నీరు వాన నీరైతే ఆయిల్ మార్చితే సరిపోవచ్చు. కొన్ని బండ్లలో రేడియేటరు అడుగు ట్యాంకులోనే ఉండే కూలరు లోపల చిల్లుపడి కూలెంటు కలిసిందైతే సంగతి వేరు. కూలెంటులోని గ్లైకాల్ కాగితం పూత ప్లేట్ల జిగురును కరిగిస్తుంది. పూత ప్లేటు నుంచి ఊడి వస్తుంది. అలా కలిశాక ఆయిల్ ఒక్కటే మార్చి వదిలేస్తే మళ్లీ దింపక తప్పదు.

పెద్ద యంత్రాలకు ఆయిల్ శాంపిల్‌ను ల్యాబుకు పంపే పద్ధతి ఉంది. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో తిరిగే డంపర్ల స్థాయి యంత్రాలకు అది ఎంత అవసరమో, ఒక్క జేసీబీతో బతుకుతున్న యజమానికీ అంతే అవసరం. అతనికి ప్రత్యామ్నాయ బండి లేదు కాబట్టి ఇంకా ఎక్కువ అవసరం. రిపోర్టులో సిలికాన్ పెరిగితే దుమ్ము దూరుతోంది, గాలి ఆడే బ్రీదరో, సీలో చూడాలి. రాగి పెరిగితే ప్లేట్లు. సోడియం కనిపిస్తే కూలెంటు. ఒక్క రిపోర్టుతో ఏదీ తేలదు. ప్రతి 250 లేదా 500 గంటలకు తీసిన రెండు మూడు రిపోర్టులు పక్కపక్కన పెడితే ఏ అంకె ఎగబాకుతోందో కనిపిస్తుంది.

లెవల్ చూడటంలోనూ చిక్కుంది. కొన్ని బండ్లలో ఇంజిన్ ఐడిలింగులో ఉండగా, ఆయిల్ వెచ్చగా ఉండగా చూడాలి. కొన్నింటిలో ఆపి, కాసేపాగి చూడాలి. రెంటి మధ్య తేడా లీటర్లలో ఉంటుంది. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. ఎక్కువైతే తిరిగే గేర్లు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, నురగ ఒత్తిడిని మోయలేదు. ‘ఎందుకైనా మంచిదని’ రెండు లీటర్లు ఎక్కువ పోయడం మంచిది కాదు.

దింపే ముందు

బండి లాగడం లేదనగానే గేర్‌బాక్సు దింపడానికి జాకీలు తేవడం అన్నింటికంటే ఖరీదైన అలవాటు. ముందు లెవల్, ఆ తర్వాత ఫిల్టరు, పంపు ఆయిల్ పీల్చే చోట ఉండే సక్షన్ జాలీ. ఆ తర్వాత కరెంటు సంగతి. ఫ్యూజు, సోలినాయిడ్ కాయిలు, ఎలుక కొరికిన వైరు, తుప్పు పట్టిన కనెక్టరు కూడా అచ్చం కాలిన క్లచ్ లాగే కనిపిస్తాయి. లివరు కొట్టినప్పుడు సోలినాయిడ్ దగ్గర ‘టక్’మని వినిపిస్తోందా లేదా అన్నది చెవితోనే తెలుస్తుంది.

అవన్నీ బాగుంటే ప్రెషర్ గేజీ. ముందుకు, వెనక్కి రెంటిలోనూ ఒత్తిడి తక్కువుంటే దోషం ఉమ్మడి చోట ఉంది: పంపు, జాలీ, ప్రెషరును నిలబెట్టే వాల్వు. ముందుకు మాత్రమే తక్కువుంటే ఆ క్లచ్ సీళ్లు. ఒత్తిడి రెంటిలోనూ సరిగ్గా ఉండి బండి జారుతుంటే ప్లేట్లు అయిపోయాయి. పావుగంట పనిచేసే ఈ గేజీ కొన్ని రోజుల వెతుకులాటను తప్పిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో లేతు మిషన్ల దగ్గర గేరు పన్ను ఎంత నేర్పుగా కట్ చేస్తారో చూసినవాళ్లకు, అంత పనితనం ఉన్న చోట కూడా ఒక గేజీ కొనని షెడ్లు ఉండటం బాధగా ఉంటుంది.

కన్వర్టరు మీద అనుమానమైతే స్టాల్ పరీక్ష చేస్తారు. ఆయిల్ వెచ్చబడ్డాక, బ్రేకులు గట్టిగా వేసి, ముందు వెనక ఎవరూ లేకుండా చూసుకుని, మాన్యువల్ చెప్పిన గేరులో ఫుల్ రేజు ఇచ్చి ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం దగ్గర నిలబడిందో చూడాలి. చెప్పిన అంకె కంటే ఎక్కువ వస్తే క్లచ్ జారుతోంది. కొంచెం తక్కువ వస్తే ఇంజిన్‌కే బలం లేదు, ఎయిర్ ఫిల్టరు, డీజిలు ఫిల్టరు చూడాలి. చెప్పిన అంకెలో మూడో వంతు దాకా తగ్గిపోతే, స్టేటరు ఒకవైపే తిరిగే రకం కన్వర్టర్లలో, ఆ స్టేటరు పట్టు తప్పింది. ఈ పరీక్ష మాన్యువల్ చెప్పిన సెకన్లకు మించి చేయకూడదు. పైన వేసిన 45 డిగ్రీల లెక్క ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

పొక్లెయిన్లకు ఇంత కథ లేదు, అయితే వాటి ఫైనల్ డ్రైవులను అందరూ మరిచిపోతారు. బురదలో దాగి ఉండే ఆ పెట్టెలో ఉండేది కొద్ది లీటర్ల ఆయిలే. ఇనుప ఫ్లోటింగ్ సీళ్ల మధ్య బురద గట్టిపడితే ఆయిల్ కారిపోతుంది, పైకి మట్టిలో కలిసిపోయి కనిపించదు. టిప్పర్లలో గుట్ట దిగేటప్పుడు ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో వదిలే అలవాటు బ్రేకులతోపాటు గేర్‌బాక్సునూ తింటుంది. చాలా గేర్‌బాక్సుల్లో కింది షాఫ్టు తిరిగితేనే ఆయిల్ పైకి చిమ్ముతుంది, ఇంజిన్ ఆగితే ఆ షాఫ్టు ఆగుతుంది, పై షాఫ్టు మాత్రం చక్రాలతో తిరుగుతూ ఉంటుంది.

చివరికి దింపక తప్పలేదనుకుందాం. కొత్త ప్లేట్లు, సీళ్లు, బేరింగులు వేసి, మేలైన ఆయిల్ పోసి బండిని పనికి పంపుతారు. కొన్ని వందల గంటలకే మళ్లీ అదే మొరాయింపు. పార్టులు నకిలీవని షాపుమీద, పని సరిగా చేయలేదని మెకానిక్‌మీద కోపం. చాలాసార్లు దోషం కూలరులో ఉంటుంది. కాలిన ప్లేట్ల పొడి, ఇనుప రజను గేర్‌బాక్సులోనే ఉండిపోదు. ఆయిల్‌తోపాటు కూలరు సన్నని గొట్టాల్లోకి, గొట్టాల వంపుల్లోకి, కన్వర్టరు లోపలికి చేరి అక్కడ కూర్చుంటుంది. గేర్‌బాక్సును డీజిలుతో అద్దంలా కడిగి, ఆ మూడింటినీ ముట్టుకోకుండా బిగిస్తే, స్టార్టు చేసిన మొదటి నిమిషంలోనే ఆ పాత రజను కొత్త ప్లేట్ల మధ్యకు వస్తుంది. కూలరును ఆయిల్ వెళ్లే దిశకు ఎదురుగా ఫ్లష్ చేయాలి. శుభ్రపడదనిపిస్తే మార్చాలి. కన్వర్టరును విప్పి కడగాలి. కొత్త గేర్‌బాక్సు మొదటి ఫిల్టరును 500 గంటలు ఆగకుండా 50, 100 గంటల్లోనే విప్పి, డబ్బా కోసి, మడతల మధ్య మెరుపు ఏమైనా ఉందేమో వెలుతురులో పట్టి చూడాలి.